గురుపట్టమనగా నేమి?

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు మమ్మొక ప్రశ్న యడిగెను. కడపలో గురుపట్టాభిషేకము జరుగనున్నదని దేవాలయమున ప్రకటించిన మరునాడది. “అయ్యా, పట్టమంటే డిగ్రీనే గదా? డిగ్రీ ఇచ్చేదానికి ఇంత పండుగ ఎందుకు?” అని వాడనెను. ప్రక్కనున్నవాడు, “కాదురా, పట్టా అంటే భూమికిచ్చేది. మా నాయనకు రెండెకరాలకు పట్టా ఉండాది” అని వానిని సరిదిద్దెను. తరగతి యంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. కాని యింటికి పోయి యోచించి చూడగా, ఆ బాలురిద్దరును అడుగవలసిన ప్రశ్ననే అడిగిరని మాకు తోచినది. మా రాజంపేట పాఠశాలలో కతోలికులకంటె ఇతరులే యెక్కువ. కతోలిక బాలురలో సయితము గురుపట్టాభిషేకమును కన్నులార చూచినవారు కొలదిమందియే. కావున ఈ సంచికలో ఆ విషయమును మాకు తెలిసినంతవరకు వివరింప బూనితిమి.

మొదట మాటను గూర్చి. గురువు, గురుపట్టము, జ్ఞానస్నానము, దివ్యసత్ప్రసాదము మున్నగు పదములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1606వ సంవత్సరమున మదురకు వచ్చిన రాబర్టు డి నొబిలి అను యేసుసభ గురువును, ఆయన ననుసరించినవారును, లత్తీను మాటలను అట్లే దింపక, ఈ దేశపు భాషలలో జనులకు తెలిసిన మాటలనే ఏరి వాడిరి. అట్టి పదములు తెనుగు కతోలికుల నోళ్లలోను నాటుకొనినవి. పట్టము అను మాటను రాజు పట్టాభిషేకమునుండి గ్రహించిరే గాని కళాశాల పట్టానుండి గాదు. అయినను రాజునకు పట్టము గట్టిన రాజ్యము వానిదగును. రైతుకు పట్టా యిచ్చిన చేను వానిదగును. గురుపట్టమునందు వ్యవహారము తలక్రిందుగా నున్నది. ఇచ్చట పట్టము పొందినవానికి ఏదియు దక్కదు, వాడే యితరులకు దక్కును.

తిరుసభయందు ఏడు దేవద్రవ్యానుమానములు గలవు. అందు గురుపట్టము ఒకటి. దీనియందు మూడు అంతస్తులు: డీకను, గురువు, మేత్రాణి. గురుపట్టము నిచ్చు అధికారము మేత్రాణికి మాత్రమే కలదు. గురువెంత వృద్ధుడైనను, ఎంత పండితుడైనను మరియొకని గురువుగా చేయజాలడు. పూర్వము ఈ మెట్లు ఇంకను అనేకముగా నుండెను. తలవెండ్రుకలు కత్తిరించుటతో మొదలై, ద్వారపాలకుడు, పఠనకర్త మున్నగు నాలుగు చిన్న పట్టములు, ఆపై ఉపడీకను, డీకను, చివరకు గురువు. 1972లో ఆరవ పౌలు పోపుగారు చిన్న పట్టములను, ఉపడీకను పట్టమును తొలగించిరి. పఠనము, పీఠసేవ అను రెండు పరిచర్యలు మాత్రము మిగిలినవి.

ఇక శిక్షణ మాట. చిన్న సెమినరి ముగిసిన పిమ్మట తత్త్వశాస్త్రము కొన్ని యేండ్లు, వేదశాస్త్రము నాలుగేండ్లు, నడుమ ఏదైన విచారణలోనో పాఠశాలలోనో కొంతకాలము పని. సామాన్యముగా పదియేండ్లకు తక్కువ గాదు. ఇరువదియైదేండ్లు నిండనివానికి గురుపట్టము లేదు. డీకను పట్టమునకును గురుపట్టమునకును నడుమ ఆరు మాసములైనను గడువవలయును. ఈ కాలమంతయు పుస్తకములకే సరిపోవుననుకొనరాదు. ఈ యువకుడు జనులతో ఎట్లు మెలగుచున్నాడు, డబ్బు చేత బడినప్పుడు ఎట్లుండును, కోపమును ఆపుకొనగలడా, ఒంటరితనమును సహింపగలడా అని పెద్దలు కనిపెట్టుచునే యుందురు. ప్రారంభించినవారిలో చాలమంది మధ్యలో తిరిగి వత్తురు. అట్లు తిరిగివచ్చినవానిని మన పల్లెలలో కొందరు చిన్నచూపు చూచుట కలదు. ఇది తగదు. తనకు తగని భారమును ముందే తెలిసికొని దింపినవాడు మోసగాడు గాడు.

పట్టము దగ్గరపడినప్పుడు, పెండ్లికి చాటింపు వేసినట్లు, అభ్యర్థి పేరును దేవాలయమున ప్రకటించుటయు కలదు. వానియందు లోపము నెరిగినవారు చెప్పవలయునని దాని భావము. ఆ దినమునగూడ, మేత్రాణులు ఇతడు యోగ్యుడని మీరెరుగుదురా అని అందరి యెదుట అడుగగా, అభ్యర్థిని తెచ్చిన గురువు, ప్రజలను విచారించి, శిక్షకుల మాట విని, యోగ్యుడని సాక్ష్యము పలుకును. డిగ్రీ పరీక్షలో ఊరివారి నెవరడుగుదురు?

పూజలో సువిశేష పఠనమైన పిదప అభ్యర్థిని పేరుపెట్టి పిలుతురు. వాడు ఉన్నానని పలికి ముందుకు వచ్చును. మేత్రాణులు బోధించి, కొన్ని ప్రశ్నలడుగుదురు. అప్పుడు అభ్యర్థి మోకరిల్లి, జోడించిన తన చేతులను మేత్రాణుల చేతులలో నుంచి, ఆయనకును ఆయన తరువాత వచ్చువారికిని విధేయుడనై యుందునని మాట యిచ్చును. పిమ్మట నేలపై బోరగిల పండుకొనును. ఊరకుండ వచ్చిన బాలుడెవడైనను ఆ సమయమున తల్లి కొంగు లాగి, ఆయనకేమైనదని అడుగక మానడు. ప్రజలందరు మోకరిల్లి పునీతుల నామములను ఒక్కొక్కటిగా పిలుచుచు, ఇతనికొరకు వేడుడని ప్రార్థింతురు. సాష్టాంగ నమస్కారమును పుట్టినప్పటినుండి చూచు మన జనులకు ఈ దృశ్యమును వివరింప పనిలేదు. ఇతర దేశములలో దీనిని వివరించుటకు ఎన్ని మాటలు పట్టునో!

దాని తరువాత జరుగునదే గురుపట్టమునకు ప్రాణము. అదియే మిక్కిలి చిన్నది. మేత్రాణులు లేచి, మోకరిల్లిన అభ్యర్థి తలపై రెండు చేతులు నుంచుదురు. మాట లేదు, పాట లేదు, వాద్యము లేదు. తరువాత అచ్చటనున్న గురువులందరు వరుసగా వచ్చి అట్లే చేతులు నుంచుదురు. గురువులు నూరుమందియున్న నూరుమందియు మౌనముగనే వత్తురు. పిమ్మట మేత్రాణులు చేతులు చాచి పట్టాభిషేక ప్రార్థన చెప్పుదురు. ఇంతటితో ఆ మనుష్యుడు గురువు. తరువాత జరుగునవి, అనగా మెడలో స్టోలును, పైన పూజావస్త్రమును తొడుగుట, అరచేతులను పరిమళ తైలముతో అభ్యంగనము చేయుట, అప్పమును ద్రాక్షారసమును చేతికిచ్చుట, సమాధానపు ఆలింగనము, ఇవన్నియు జరిగినదానిని కన్నులకు చూపునవి. ఒలీవ నూనెలో సుగంధద్రవ్యమును కలిపి చేయు ఆ తైలమును పవిత్ర వారములో గాని, దానికి చేరువ దినములలో గాని మేత్రాణులు తమ గురువులందరి నడుమ ఆశీర్వదింతురు.

ఈ విషయమై పూర్వము పండితులలో వాదముండెను. పాత్రయు పళ్లెమును చేతికిచ్చుటయే ముఖ్యమని కొందరు, చేతులు నుంచుటయే ముఖ్యమని కొందరు అనుచుండిరి. 1947వ సంవత్సరమున పన్నెండవ పయస్ పోపుగారు చేతులు నుంచుటయు, ప్రార్థనయు అవశ్యకమని తీర్చిరి. మాకు ఈ తీర్పు మిక్కిలి యింపుగా నున్నది. చేతిలో పెట్టిన వస్తువువలన గాక, తలపై నుంచిన చేతులవలన మనుష్యుడు గురువగుచున్నాడు. ఆ చేతులపై వేరొకరి చేతులుండెను, వారిపై మరియొకరివి. ఇట్లు వెనుకకు పోయి పోయి అపొస్తలులవరకు చేరునని తిరుసభ విశ్వాసము.

గురువులందరు ఒకే రీతిని జీవింతురని తలపవలదు. మేత్రాసన గురువు తన మేత్రాణికి విధేయత పలుకును, బ్రహ్మచర్యమును చేపట్టును, ఒక విచారణలో జనుల నడుమ కాపురముండును. పేదరికపు వ్రతము వానికి లేదు. అయినను నిరాడంబరముగా జీవింపవలయును. సభలకు చెందిన గురువులును, సహోదరులును, కన్యాస్త్రీలును పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత అను మూడు వ్రతములు పట్టి మఠములలో సమష్టిగా బ్రతుకుదురు. కన్యాస్త్రీలకు గురుపట్టము లేదు, వారిని వ్రతములే బంధించును. జీతము సభకు, భోజనము అందరికి ఒకటే పంక్తి, పనిని నిర్ణయించునది పెద్ద. తెల్లవారకముందే గంట, ధ్యానము, పూజ, పిమ్మట బడియో వైద్యశాలయో వసతిగృహమో, సాయంకాలము మరల జపము. బయటివారికి వ్రతములలో కష్టమైనది బ్రహ్మచర్యమని తోచును. మఠములలో చాలకాలమున్నవారి నడిగిన, తాము కోరుకొనని పదిమందితో ఒకే కప్పు క్రింద నలువదియేండ్లుండుటయే కష్టమని చెప్పుదురు. మన ఉమ్మడి కుటుంబములలోని కోడండ్లు ఈ మాటను వెంటనే గ్రహింతురు!

ఇంతవరకు విధిని చెప్పితిమి. ఇది మన సీమకు ఏల ఇంత పెద్ద పండుగ యైనదో తెలియవలెనన్న కొంచెము చరిత్ర కావలయును.

18వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరినుండి ఉత్తరముగా తెలుగు సీమలకు వచ్చిరి. దానికి కర్నాటక మిషనని పేరు. పుంగనూరు, అనంతపురపు సీమలోని కృష్ణాపురము మున్నగునవి వారి నెలవులు. వారు కాషాయవస్త్రములు గట్టి, మాంసము విడిచి, సన్న్యాసులవలె సంచరించిరి. వారిలో గాస్తోన్ కేర్దు అనునాయన తెలుగు నేర్చి నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకును లత్తీను గ్రీకులకును గల చుట్టరికమును 1767లోనే పారిసు పండితులకు వ్రాసి తెలిపెను. భాషాశాస్త్రము చదువువారు ఆయన పేరు నేటికిని తలతురు. ఆ శతాబ్దముననే దాసమంత్రి ప్రోత్సాహమున మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనమను కావ్యమున క్రీస్తు కథను తెలుగు పద్యములలో చెప్పెను. కవియు, కృతిభర్తయు మనవారే. పీఠము నొద్ద నిలిచిన గురువులు మాత్రము సముద్రములు దాటి వచ్చినవారు.

వారును ఎందరు? జిల్లాలంత విశాలమైన ప్రదేశమునకు ఒక్కొక్కరు. కాలినడక, ఎద్దుబండి, నడుమ దండయాత్రలు, కరవులు. 1773లో పోపుగారి యాజ్ఞచే యేసుసభయే రద్దయినది. 1776లో పారిసు విదేశ మిషను గురువులు ఆ భారమును గ్రహించిరి గాని వారి సంఖ్య చాలదు. ఆ కల్లోలములలో కొన్ని కతోలిక కుటుంబములు ఈ సీమ విడిచి గుంటూరు ప్రాంతమునకు తరలిపోయెనని పెద్దలు చెప్పుకొందురు. 19వ శతాబ్ది చివరి పాతికలో, 1866లో ఇంగ్లండున స్థాపితమైన మిల్‌హిల్ సభ గురువులు తెలుగు సీమకు వచ్చిరి. 1928లో నెల్లూరు మేత్రాసనము, 1967లో కర్నూలు మేత్రాసనము ఏర్పడినవి. 1976లో పూర్వపు కడప, చిత్తూరు జిల్లాలకు కడప మేత్రాసనము ఏర్పడినది.

గురువు లేని పల్లెలో లేనిదేమి? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవారికే గురుపట్టమునందు జనులు కన్నీరు పెట్టుటకు కారణము తెలియును. అట్టి పల్లెలో ఉపదేశి కలడు. ఆయన జపములు నేర్పును, ఆదివారము అందరిని కూర్చి ప్రార్థించును, ప్రాణాపాయమున శిశువునకు జ్ఞానస్నాన మిచ్చును, మృతులను సమాధి చేయును. మన సీమలో విశ్వాసము నిలిచినదన్న అది సగమునకు పైగా ఉపదేశుల చలువయే అని మా అభిప్రాయము. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను కానరావు. కాని ఉపదేశి పూజ చేయజాలడు. చావుబ్రతుకులలో నున్నవాడు తన పాపములను చెప్పుకొనదలచిన, ఆయన వానిని వినవచ్చునే గాని విడిపింపజాలడు. అవస్థాభ్యంగన మియ్యజాలడు. గురువునకై మనిషిని పంపి, త్రోవ చూచుచు చూచుచు ప్రాణము విడుచుట యన్నది ఆ కాలపు పల్లెలకు అరుదైన సంగతి గాదు.

అందుచేత గురువు వచ్చు దినమే పండుగ. మన పల్లెలలో తిరునాళ్లకు ఇంతటి విలువ రావడమునకు ఇదియొక కారణమని మేమెంచుచున్నాము. తొమ్మిది దినముల ప్రార్థన, జెండా యెత్తుట, తేరుపై దేవమాత స్వరూపము, డప్పులు, దీపములు, మరునాడు పూజ, అందరికి భోజనము. నందలూరు సౌమ్యనాథస్వామి ఉత్సవములు చూచిన కన్నులకు ఇందు క్రొత్తదనము తక్కువ. పాస్కు పండుగ దినము ఏటేట మారుటకూడ మన బాలురకు వింతగా నుండనక్కరలేదు. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చు పున్నమి పిదపటి ఆదివారమే పాస్కు. మనకును కడపకును నడుమనున్న ఒంటిమిట్టలో కోదండరామునికి వెన్నెలలో జరుగు కల్యాణమును ఆ ప్రాంతపు పున్నమినే చూచుకొని జరుపుదురు. 2025లో కల్యాణము ఏప్రిలు 11న, పాస్కు ఏప్రిలు 20న వచ్చినవి. 2024లో మాత్రము పాస్కు మార్చి 31నే వచ్చినది, కల్యాణము ఏప్రిలు 22న. ఒక చాంద్రమాసపు ఎడము ఎట్లు వచ్చినదో గణితము చదువువారు లెక్కించి చూతురు గాక.

ఇక మన సీమవారే గురువులగుటను గూర్చి. తెలుగు గురువులు 20వ శతాబ్దమున క్రమముగా పెరిగిరి. 1940లో గుంటూరు మేత్రాసనము ఏర్పడినప్పుడు ప్రథమ మేత్రాణులైనవారు తెలుగువారగు తోమాసు పోతకమూరి. మన ప్రాంతమున అందరెరిగిన దృష్టాంతము పూల ఆంథోని గారిది. వారు 1961 నవంబరు 15న కర్నూలు సీమలోని చిందుకూరు గ్రామమున జన్మించిరి. బీదతనముచే చిన్నతనముననే చదువు ఆగిపోవు స్థితి రాగా, మిషను గురువుల సాయమున కడపలో చదువు సాగించిరి. నూజివీటి చిన్న సెమినరిలోను, బెంగుళూరు పునీత పేతురు సెమినరిలోను చదివి, 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనమునకు గురుపట్టము పొందిరి. మన జిల్లాలోని బద్వేలు మున్నగు విచారణలలో పనిచేసిరి. 2008లో కర్నూలు మేత్రాణులుగను, 2020లో హైదరాబాదు అగ్రపీఠమునకును నియమితులైరి. 2022 ఆగస్టు 27న కార్డినలైరి. తెలుగువారిలో ఆ పదవి వారికే మొదట లభించినది, దళితులలోను వారికే మొదట. 2025 మేలో పద్నాలుగవ లియో పోపుగారిని ఎన్నుకొనిన కార్డినళ్లలో వారును ఒకరు.

ఈ తేదీలను పరీక్షకొరకు చెప్పుట లేదు. ఇందు ఒక ముల్లు కలదు, దానిని దాచుట మాకిష్టము లేదు. గురువు మనుష్యులలోనుండి మనుష్యులకొరకు తీసికొనబడినవాడని తిరుసభ మొదటినుండియు బోధించుచున్నది. అయినను మన దేశమున దేవాలయములలో సయితము కులమునుబట్టి వేరు కూర్చుండుట, వేరు సమాధిస్థలములు ఉండెను. కొన్నిచోట్ల ఆ జాడలు నేటికిని పోలేదు. మందిలో మిక్కిలి యెక్కువమంది ఏ వాడలనుండి వచ్చిరో, ఆ వాడలనుండి కార్డినలు వచ్చుటకు కర్నాటక మిషను మొదలు మూడువందల యేండ్లు పట్టినది. ఇది సంతోషింపవలసిన విషయమే. ఇంత ఆలస్యమేల యైనదని అడుగవలసిన విషయమును అదియే. రెండు ఎకరముల పట్టా గల తండ్రి కుమారుడును, ఏ పట్టాయు లేని తండ్రి కుమారుడును మా తరగతిలో ఒకే బల్లపై కూర్చుండియున్నారు. వారికి ఈ సంగతి తెలియవలయును.

కొన్నేండ్ల క్రిందట ఒక క్రొత్త గురువు తన పల్లెలో చేసిన ప్రథమ పూజకు మేము పోయితిమి. ఊరి మొగదల డప్పులతో ఎదురేగిరి. ఆయన నిలువెత్తు చిత్రముతో నాలుగుచోట్ల బ్యానర్లు కట్టిరి. వానిపై కానుకలిచ్చినవారి చిత్రములే గురువు చిత్రముకంటె ఎక్కువగా నుండుట చూచి మాకు కొంచెము చిన్నతనమైనది. మెడలో వేసిన దండలతో ఆయన ముఖమే కనబడలేదు. అప్పులు చేసి విందులు పెట్టుటయు ఈ మధ్య వాడుకయైనది. దీనిని పెద్దలే మాన్పవలయును.

పూజానంతరమున అందరు వరుసగా వచ్చి, అభ్యంగనమైన ఆ అరచేతులను ముద్దు పెట్టుకొనిరి. పూర్వపు విధిలో, తైలము పూసిన చేతులను ఒక తెల్లని వస్త్రముతో కట్టెడివారు. ఆ వస్త్రమును తల్లికిచ్చుటయు, ఆమె మరణించినప్పుడు దానిని ఆమెతో సమాధిలో నుంచుటయు అనేక దేశములలో ఆచారము. ఇచ్చట అట్టి వస్త్రము లేదు. తండ్రి వచ్చెను. కూలిపనిచేసి కాయలు గట్టిన చేతులతో కుమారుని చేతులు పట్టుకొని వంగెను. కుమారుడు తండ్రిని వంగనీయక లేవనెత్తెను. ఎవరు ఎవరికి నమస్కరింపవలెనో ఒక క్షణము ఇరువురికిని తెలియలేదు. వెనుకనున్న ముసలమ్మలు కొంగులు కన్నుల కద్దుకొనిరి. తల్లి వచ్చి, అందరివలెనే, “స్తోత్రం స్వామీ” అని చేతులు ముద్దు పెట్టుకొని, ఏమియు జరుగనట్లు ప్రక్కకు జరిగినది.

సాయంకాలము జనము తగ్గిన తరువాత, సెలవు తీసికొనుటకు మేము వారి యింటికి పోయితిమి. గురువుగారు అరుగుపై కూర్చుండియుండిరి. తల్లి లోపలినుండి సంగటి ముద్దయు, చెనిక్కాయల ఊరుబిండియు పళ్లెములో తెచ్చి ముందుంచి, “ఏం నాయనా, పొద్దున్నుంచి ఏమన్న తింటివా?” అని యడిగినది. తినలేదని ఆయన తల యూపెను. మరునాటి ఉదయము మొదటి బస్సునకు ఆయన తనను నియమించిన విచారణకు పోవలయును. అచ్చట మూడేండ్లుగా స్థిరమైన గురువు లేడట.